మనిషికి మనిషి

నవంబర్ 3, సోమవారం

వచ్చేసింది! ఆరంతస్తుల ఆఫీసు బిల్డింగు పెయింటింగ్ కాంట్రాక్టు మా అమ్మాయికి వచ్చేసింది!

రంగుల కంపెనీ వాళ్ళు ఈ డైరీ జనవరిలో ఇచ్చారు. ఇన్నాళ్ళూ ఖాళీగానే ఉంది. రాయడానికి ఏముంది కనక? ఇవాళ ఉంది. నలభై ఏడేళ్ళు ఎవరో ఒకరి కింద గోడలకి రంగులేశాను. అయిదో క్లాసుతో ఆపేసిన మేస్త్రిని. నా కూతురు కాంట్రాక్టరు! ప్రభుత్వం వాళ్ళిచ్చిన లైసెన్సు, దాని మీద దాని ఫోటో!

ఫోన్ వచ్చినప్పుడు అది సరేనండీ, అలాగేనండీ అని పెట్టేసి మళ్ళీ బ్రష్షులు కడుక్కుంటూ కూర్చుంది. గంతులేసింది నేను. మోకాళ్ళ నొప్పులన్నారుగా, ఏమయ్యాయి అంది మా ఆవిడ. ఈ ఒక్కరోజుకి సెలవిచ్చాను వాటికి అన్నాను.

నవంబర్ 6, గురువారం

ఇన్సూరెన్స్ ఏజెంటు వచ్చాడు. రెండు పాలసీలట. మన రంగు పక్కవాళ్ళ కారు మీద పడితే ఒకటి. మన మనిషికి ఏదన్నా అయితే ఇంకోటి. ఆ రెండోదానికి పనివాళ్ళ లిస్టు ఇవ్వాలి. పది పేర్లు, పది ఫోటోలు, ఎత్తు మీద పని చేసే ట్రైనింగ్ సర్టిఫికెట్లు పది. లిస్టులో లేని మనిషికి పాలసీ వర్తించదన్నాడు. కొత్తవాడు వస్తే పని ఎక్కకముందే ఒక్క మెసేజ్ పెట్టండి, పేరు చేర్చేస్తాను, రెండు నిమిషాలు కూడా పట్టదు అన్నాడు.

మా రోజుల్లో ఇన్సూరెన్సంటే మేస్త్రి కింద నిలబడి జాగ్రత్తరోయ్ అని అరవడమే బాబూ అన్నాను. ఏజెంటు నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. నాన్నా, నీ కళ్ళ ముందు పడినవాళ్ళు ఎంతమందో ఎప్పుడన్నా లెక్కేశావా అంది. నలుగురు. పైకి చెప్పలేదు.

హాజరు పుస్తకం నాకు అప్పజెప్పింది. షాపు బోర్డులు రాసిన చెయ్యి కదా, అక్షరం ముత్యంలా ఉంటుందని. అధికారులు ముందు ఈ పుస్తకమే అడుగుతారట. నాకూ ఉద్యోగం వచ్చినట్టే!

నవంబర్ 8, శనివారం

ట్రైనింగ్. పదిమందినీ కూర్చోబెట్టి మొత్తం చూపించారు. జూలా, అంటే పైనుంచి తాళ్ళ మీద వేలాడే పలక, దాన్ని నమ్మకూడదట. బెల్టు కొక్కెం విడిగా డాబా మీద నుంచి దిగే లైఫ్‌లైన్ తాడుకే తగిలించాలట. కిటికీకి కాదు, గొట్టానికి కాదు, జూలాకి అసలే కాదు.

మా వాళ్ళు ఒకటే వేళాకోళం. నిచ్చెన బెల్టు కట్టుకుని, పెద్దయ్యా, పెళ్ళప్పుడు కూడా నన్నింత గట్టిగా కట్టలేదు అన్నాడు. ఆరడుగుల పైన మూడంగుళాలుంటాడు, స్టూలు లేకుండా సీలింగ్ వేస్తాడు. అందుకే అందరికీ నిచ్చెన. అసలు పేరు నాకూ హాజరు పుస్తకంలో రాసినప్పుడే తెలిసింది.

నవంబర్ 12, బుధవారం

పని మొదలైంది. పది పేర్లు రాశాను. పదికి పది హాజరు. నా తల్లే, నా బంగారమే!

నవంబర్ 17, సోమవారం, పొద్దున్న 8:30

నిచ్చెనకి జ్వరం. బదులుగా బావమరిదిని పంపాడు. అక్కని చూడటానికి మొన్న ఊరి నుంచి వచ్చాడట. తనూ పెయింటరే. కాకపోతే ఇళ్ళలో లోపలి గోడలు వేస్తాడు. నెమ్మదైన మనిషి. నమస్కారం పెట్టి, ఏ పనన్నా చెప్పండి అన్నాడు.

మా పనిలో మర్యాదే అది, మనిషికి మనిషి. రాలేనివాడు తన బదులు ఒకణ్ణి పంపాలి. పని ఆగదు, కూలి ఆగదు, పుస్తకంలో పేరు మారదు. వచ్చినవాడు ఆ రోజుకి రానివాడే. నా పెళ్ళినాడు నేనూ పంపాను. పనికే లెండి, పెళ్ళికి కాదు.

నిచ్చెన పేరుకి హాజరు వేశాను. అమ్మాయి డీలరు దగ్గరికి వెళ్ళింది. ఏజెంటుకి మెసేజ్ అన్నది గుర్తుంది. ఒక్క రోజుకి ఎందుకులే అనిపించింది.

అదే రోజు, 4:00

బావమరిది పడిపోయాడు. నాలుగో అంతస్తు.

నవంబర్ 18, మంగళవారం

నిన్న చెయ్యి ఆడలేదు. ఇవాళ రాస్తాను.

జూలాకి ఒక పక్క తాడు జారింది. పలక ఒరిగిపోయింది. దాని మీద ఇద్దరు. మా పాత పెయింటరు లైఫ్‌లైన్‌కి వేలాడుతూ ఉండిపోయాడు, మోచెయ్యి చీరుకుపోయిందంతే. బావమరిది కొక్కెం వాన నీళ్ళ గొట్టానికి ఉంది. గొట్టం గోడ నుంచి ఊడి అతనితోబాటే వచ్చేసింది.

నిన్న పొద్దున్న అతను పైనుంచి అడిగాడు, దీన్ని దేనికి తగిలించాలి పెద్దాయనా అని. నేను కింద కుర్చీలో కూర్చుని హాజరు గీతలు కొట్టుకుంటున్నాను. గట్టిగా ఉన్నదానికి తగిలించుకో అని అరిచాను. అతనికి గొట్టం గట్టిగా కనిపించింది.

ఆసుపత్రి కౌంటర్లో పేరడిగారు. చంకలో పుస్తకం ఉంది. నిచ్చెన పేరు చెప్పాను. ఆలోచించి చెప్పలేదు. కానీ చెప్పాక దిద్దుకోలేదు కూడా. అది మాత్రం ఆలోచించే చేశాను.

సాయంత్రం అమ్మాయి వచ్చింది. ఐసీయూ అద్దంలోంచి ఒక్క నిమిషం చూడనిచ్చారు. తలంతా కట్లు, మొహం కనబడదు. అది మొహం చూడలేదు, కాళ్ళు చూసింది. నిచ్చెన అయితే పాదాలు మంచం దాటి ఉండాలి కదా నాన్నా, ఎవరిది ఇది అంది.

చెప్పాను. ఒక్క మెసేజ్ నాన్నా, ఒక్కటి అంది. ట్రైనింగ్ లేని మనిషిని నా పేరు మీద పైకెక్కించావా అంది. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తానని కౌంటరు వైపు కదిలింది.

చెయ్యి పట్టుకున్నాను. పాలసీ లేదంటే రేపటి నుంచి ఆ మిషన్లు ఎవరు నడిపిస్తారమ్మా అన్నాను. అబద్ధమే ఇప్పుడు అతనికి ఊపిరి అన్నాను. కళ్ళు తెరిచేదాకా ఆగు, తరవాత నన్ను జైల్లో పెట్టించు అన్నాను. నా లైసెన్సు కోసం చేశావా, అతని కోసం చేశావా అని అడిగింది.

రెండూ అన్నాను. ముందు ఏదని అడగలేదు. అడగనందుకు దణ్ణం పెట్టుకున్నాను.

నవంబర్ 19, బుధవారం

అతని ఫోన్ నా జేబులో ఉంది. ఆసుపత్రివాళ్ళు బట్టలతోబాటు ఇచ్చారు. పొద్దుటి నుంచి పదకొండుసార్లు మోగింది. ఊళ్ళో భార్య. సిగ్నల్ లేని చోట పనికెళ్ళాడని అక్క చెప్పిందట. ఈ ఫోనేమో మోగుతూనే ఉంది. ఆవిడకి ఆ మాత్రం తెలీదా? ఆపెయ్యడానికి చెయ్యి రావడం లేదు.

నవంబర్ 20, గురువారం

ఒప్పుకున్నారు! ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చాడు, పుస్తకం చూశాడు, లిస్టు చూశాడు, నిచ్చెన సర్టిఫికెట్ చూశాడు. ఇంత శుభ్రంగా హాజరు రాసిన కాంట్రాక్టర్ని నా సర్వీసులో చూడలేదండీ అన్నాడు! గొట్టానికి ఎందుకు తగిలించాడంటే, ఒక్కోసారి తెలిసినవాళ్ళే మర్చిపోతారు సార్ అన్నాను. నిజమేనని తలూపాడు. వైద్యం మొత్తం కంపెనీదే. లైసెన్సుకి ఢోకా లేదు. గండం గడిచింది! నా తల్లి గట్టెక్కింది!

పరుగున ఇంటికొచ్చి చెప్పాను. అమ్మాయి అన్నం తింటోంది. చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. మా ఆవిడ నా మొహంలోకి చూసి, మీరు నవ్వుతున్నారేంటి అంది. నవ్వుతున్నానని నాకు తెలీదు.

నిచ్చెన ఇంటికీ వెళ్ళాను. నాలుగు రోజులుగా గడప దాటలేదు. దాటితే ఐసీయూలో ఉన్నదెవరని ఎవరో ఒకరు అడుగుతారు. కిటికీకి దుప్పటి కట్టుకుని కూర్చున్నాడు. జ్వరం ఆ రోజు మధ్యాహ్నానికే తగ్గింది పెద్దయ్యా, రెండో పూట నేనే వద్దామనుకున్నా అన్నాడు. ఆ మాట ఇంకెవరితోనూ అనకురా అన్నాను. వాడి పెళ్ళానికి విననే వినబడింది.

నవంబర్ 21, శుక్రవారం, మధ్యాహ్నం 1:00

ఉదయం ఆరున్నరకి అతను పోయాడు.

నిచ్చెన పేరుతోనే కాగితం తయారుచేశారు. శవాన్ని అప్పగించాలంటే దగ్గరవాళ్ళ సంతకం కావాలన్నారు. లిస్టులో దగ్గరవాళ్ళంటే నిచ్చెన భార్య. అంటే పోయినవాడి అక్క.

కౌంటరు దగ్గర నేను, అమ్మాయి, ఆవిడ. గుమస్తా ఫారం తిప్పి చూపించాడు. ఇక్కడ మీ పేరు, ఇక్కడ చనిపోయిన వ్యక్తికి మీరేమవుతారో రాయండమ్మా, భార్య అని రాసి సంతకం పెట్టండి అన్నాడు. పొద్దున్నే అన్నీ అనుకున్నాం. కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు ఊళ్ళో ఉన్న అతని భార్యకే పంపెయ్యాలని. మాట అన్నది నేను, సరేనన్నది నిచ్చెన. ఆవిడ ఏమీ అనలేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

ఆవిడ పెన్ను తీసుకుంది. పేరు రాసింది. ఆగిపోయింది. వెనక లైను పెరుగుతోంది. కానివ్వమ్మా అన్నాడు గుమస్తా.

నా వైపు తిరిగింది. బాబాయ్, మా అమ్మకి ఒంట్లో బాగోకపోతే వీణ్ణి చంకనేసుకుని పెంచింది నేను, వీడికి పెళ్ళాన్నని రాయమంటావా అంది. గట్టిగా కూడా అనలేదు. దారి అడిగినట్టు అడిగింది. ఇంటికెళ్తే ఆయన బతికుంటే నా పసుపు కుంకుమ ఏం చేసుకోను, ఊళ్ళో మా మరదలు బొట్టు పెట్టుకుని వీడికోసం ఎదురు చూస్తుంటే ఏం చెప్పను, ఏ పేరు పెట్టి ఏడవను బాబాయ్ అంది.

నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను. నిజం రాస్తున్నాను, ఇక్కడ ఎవరూ చూడరు కదా. ఇంతదూరం వచ్చాక ఒక్క ముక్కే కదా, రాసెయ్యమ్మా అనబోయాను. నాలిక చివరిదాకా వచ్చింది.

అమ్మాయి ఆ ఫారం లాక్కుని రెండుగా చింపేసింది. చనిపోయింది ఈవిడ తమ్ముడండీ, నా పనిలో చనిపోయాడు, పేరు తప్పు చెప్పాం, పోలీసుల్ని పిలుస్తారో ఎవర్ని పిలుస్తారో పిలవండి అంది. గుమస్తా నోరు తెరిచేశాడు. తప్పు చెప్పింది ఎవరు అని అడిగాడు.

నేనే చెప్పానన్నాను. అది నోరు తెరిచేలోపే అన్నాను. ఈ పది రోజుల్లో సమయానికి చేసిన పని అదొక్కటే.

పన్నెండు లోపల అందరూ దిగారు. స్టేట్‌మెంట్ రాయించుకున్నారు. నా అక్షరం చూసి ఏం చదివారు అన్నాడు పోలీసాయన. సర్వేయరు నా మొహం కూడా చూడలేదు. పాలసీ రద్దు, పెట్టిన ఖర్చు వెనక్కి కట్టాలి, లైసెన్సు ఆఫీసుకి ఇవాళే రిపోర్టు వెళ్తుంది, కేసు మేస్త్రి మీదా కాంట్రాక్టరు మీదా ఇద్దరి మీదా అన్నాడు. అమ్మాయి అన్నిటికీ తలూపింది. తరవాత వెళ్ళి ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆయన నా లిస్టులో లేకపోయినా నా మనిషే అక్కా, ఇన్సూరెన్స్ ఇవ్వకపోతే నష్టపరిహారం నేనివ్వాలి, చట్టం అదే, ఇల్లు అమ్మి అయినా ఇస్తాను అంది. అది నేను కట్టిన ఇల్లు. నా కూతురు. నా కడుపున ఎలా పుట్టిందో.

కొత్త ఫారం ఇచ్చారు. పేరు: అతని పేరు. అక్క అని రాసి సంతకం పెట్టి, అప్పుడు ఏడ్చింది.

అదే రోజు, మధ్యాహ్నం 2:00

ఊరి నుంచి అతనివాళ్ళు రావడానికి అయిదు గంటలు పడుతుంది. అప్పటిదాకా శవాన్ని ఇక్కడే ఉంచుతారట. ఆవిడ ఫోన్లు చేసే స్థితిలో లేదు, నిచ్చెన తనవల్ల కాదన్నాడు. నేనే చెయ్యాలి. చెప్పాల్సినవాళ్ళు:

అతని అన్న. ముందు ఇతనికే.
పిల్లనిచ్చిన మామగారు.
చిన్న చెల్లెలు, వాళ్ళాయన. ఆయనకి చెప్తే చాలు, ఆయన చెప్పుకుంటాడు.
మేనమామ.
భార్య. ఫోన్లో వద్దు, అతని అన్న వెళ్ళి చెప్పాలి. కానీ నా జేబులో అతని ఫోన్ ఇప్పుడు కూడా మోగుతోంది.
పెద్దపిల్ల, ఆరో తరగతి. స్కూల్లో ఉంటుంది.
తల్లి. చెవులు వినపడవట. గట్టిగా చెప్పాలి.