చామంతి పిలకలు

శుక్రవారం, రాత్రి

ఇవాళ పెరట్లో చామంతిని పీకి చూశాను. వేళ్లు నల్లబడి చేతిలోనే విరిగిపోయాయి. మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. బోరు ఎండినప్పటి నుంచి చుక్క కూడా వృథా కాకూడదని, వంటింట్లో తాగునీటి ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లన్నీ బకెట్‌లో పట్టి దానికే పోశాను. మాకు వద్దని ఫిల్టర్ తోసేసిన ఉప్పంతా దానికి తాగించానన్నమాట. ఎంత పొదుపో నాది!

అయినా అప్పటికి ధైర్యంగానే ఉన్నాను. అది అమ్మ పెంచిన మొక్క. ఏటా పూలు అయిపోయాక మొదలు దగ్గర వచ్చే పిలకల్ని అక్కాచెల్లెళ్లం పంచుకోవాలని, ఒకచోట పోయినా ఇంకోచోట బతుకుతుందని అమ్మ పోయేదాకా చెప్పేది. అందుకే సాయంత్రం తనకల్లులో ఉన్న అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, నీ చామంతి ఎట్లుండాది?"

"యాడి చామంతి పాపా! ఎండలకే మాడిపోయింది. తాగేదానికే నీళ్లు లేవు, దానికేడ పోసేది? నీకాడ ఉండాది కదా అని నేను బాధ కూడా పడలేదు. ఈసారి నాకు రెండు పిలకలు పంపు."

"పంపుతాలే అక్కా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఏం పంపను?

ఫోన్ పెట్టేసరికి ఫిల్టర్ కింద బకెట్ నిండి ఉంది. అలవాటుగా ఎత్తుకుని పెరట్లోకి వెళ్లాను. ఖాళీ గుంట ముందు నిలబడ్డాక గానీ గుర్తు రాలేదు.