ఊరేగింపు రంగు

వెర్నా,

నడుము తప్ప అంతా క్షేమం. మీ అన్నయ్య లెస్టర్ పాత ట్రాక్టరు గడ్డి కోత మధ్యలో పదేపదే ఆగిపోతోంది. మేం దిగి కాఫీ తాగొచ్చేసరికి మళ్లీ స్టార్టవుతోంది. "మనం తాగితేగానీ దీని దాహం తీరదు బావా" అంటాడు లెస్టర్. ఫిల్టరు మార్చాం, గొట్టాలు ఊదాం, లాభం లేదు. ఇవాళ ఆగగానే ట్యాంకు మూత తిప్పితే బుస్సుమంది. మూతకున్న గాలి రంధ్రం పూడుకుపోయి పెట్రోలు కిందికి దిగడం లేదు.

"ఏం అడ్డుపడింది?" అన్నాడు.

"కందిరీగలు మట్టి పెట్టాయి" అన్నాను.

నిజానికది మొన్న ఊరేగింపుకని నువ్వు ముచ్చటపడి ట్రాక్టరుకి పూసిన ఎర్ర రంగు. సూదితో పొడిచాను. వాన పడకపోతే ఆదివారం వస్తాను. ఐరిస్ దగ్గు తగ్గిందా? దానికి ముద్దులు.

ఈ పోస్టుకార్డు తను టపా పెట్టెలో వేస్తానని లెస్టర్ చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. ఈ నడుముతోనే నడిచి వెళ్తున్నాను.

ఆర్విల్