ఫోటో తెరుచుకోని కుక్క

జంతు సంరక్షణ విభాగం అధికారి గారి సముఖమునకు,
నగర కార్యాలయం, మూడో అంతస్తు (లిఫ్టు పని చేయుట లేదు).

అయ్యా,

విషయం: నా ఫోనులోని ఫోటోలు తమ కంప్యూటరులో తెరుచుకొననందున, నా కుక్కను నా బావమరిదికి అప్పగించబోవుటను నిలుపుదల చేయుట గురించి.

పై విషయమై, బస్టాండు వెనక వీధిలో దర్జీ పని చేసుకుని బతుకుచున్న నేను తమరికి సవినయముగా మొర పెట్టుకొనునది:

1. నల్లని ఒళ్ళు, ఒక చెవి మడత, తోక చివర తెలుపు గల సదరు కుక్క పేరు గుండీ. నా పక్క దుకాణంలో సైకిళ్ళు బాగుచేయు వ్యక్తి దానిని బెల్లు అని పిలుచును. ఆ వ్యక్తి నా భార్యకు స్వయానా తమ్ముడు. కుక్క రెండు పేర్లకూ పలుకును. అది దాని మంచితనమే గాని అతని హక్కు కాదు.

2. పోయిన నెలలో తమ వాహనము మా వీధికి వచ్చి, మెడలో బిళ్ళ లేదన్న కారణముగా కుక్కను ఎక్కించుకుపోయినది. విడిపించుకొనదలచిన యజమాని దాని ఫోటోలను తమ వెబ్‌సైటులో పెట్టవలెనని, ఈ నెలాఖరు లోపు ఎవరి ఫోటోలు నిబంధనల ప్రకారము ఉండునో వారికే కుక్క అని తమ గుమాస్తా గారు సెలవిచ్చినారు. అంతవరకు న్యాయముగానే ఉన్నది.

3. నా ఫోను మా అమ్మాయి ఉద్యోగం వచ్చిన కొత్తలో కొనిచ్చినది. చాలా గొప్ప ఫోను. ఆ గొప్పతనమే నా కొంప ముంచినది. చోటు కలిసిరావాలని అది ఫోటోలను హెచ్ఈఐసీ అనే కొత్త రకంలో దాచునట. తమ వెబ్‌సైటు జేపీజీ అనే పాత రకమును తప్ప దేనినీ గడప తొక్కనివ్వదు. నా ఫోనులో గుండీ నిక్షేపముగా కూర్చుని ఉండును. తమ కంప్యూటరులో ఖాళీ డబ్బా, దాని మధ్యన ఒక అడ్డగీత. నా బావమరిది ఫోను గాజు పగిలి, రబ్బరు బ్యాండుతో బతుకుచున్నది. అందులో తీసిన ప్రతి ఫోటో జేపీజీయే. కలికాలం.

4. నేను చేతులు ముడుచుకుని కూర్చున్నానని తమరు భావించరాదు. నెట్ సెంటరు ఆయన ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలు చెరిపి జేపీజీ అని రాసిచ్చినాడు. వెబ్‌సైటు మళ్ళీ తిప్పికొట్టినది. తిప్పికొట్టదా మరి? చొక్కా మీద పంట్లాం అని చీటీ అంటిస్తే పంట్లాం అయిపోతుందా? నా పనిలో ఆ మాత్రం తెలిసినవాడిని, ఆ పూట బుర్ర పని చెయ్యలేదు.

తరువాత నా ఫోనులోని ఫోటోను మా ఆవిడ పాత ఫోనుతో ఫోటో తీసినాము. అది జేపీజీయే అయినది. కానీ గాజు మీద ట్యూబులైటు వెలుగూ, నా బొటనవేలూ, ఫోను పట్టుకున్న మా ఆవిడ ముఖమూ పడినవి. గుమాస్తా గారు కళ్ళజోడు సవరించుకుని, కుక్క ఎక్కడున్నది, ఈవిడ ఎవరు అని అడిగినారు. ఆ మాట ఇంట్లో చెప్పి ఉండకూడదు. చెప్పినాను. ఆ పూట నాకు అన్నం పెట్టినది గాని నాతో మాట్లాడలేదు.

ఆపైన ఉచితముగా రకము మార్చిపెట్టెదమన్న ఒక వెబ్‌సైటులో పెట్టినాము. మార్చినది. మార్చి, కుక్క వీపు మీదుగా తన సంస్థ పేరు పెద్ద అక్షరాలతో అచ్చు గుద్దినది. గుమాస్తా గారు అది చూసి, కుక్క ఆ సంస్థ వారిదేమో, వారి నుంచి రాతపూర్వకముగా అనుమతి తెమ్మన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే గదా అయ్యా.

5. ఇక అసలు అన్యాయము. కుక్క తనదేనని నా బావమరిది కూడ పెట్టిన ఫోటో ఆమోదించబడినదని తెలిసి, చూపించమని బతిమాలినాను. చూపించినారు. కుట్టుమిషను కింద రెండు పాదముల మీద తల పెట్టుకుని కుక్క నిద్రపోవుచున్నది. ఆ మిషను నాది. ఆ పాదములు నావి. కావలసినచో చెప్పులు విప్పి చూపెదనన్నాను. గుమాస్తా గారు శాంతముగా, "ఫోటోలో ఎవరున్నారన్నది మా పని కాదండీ. ఫోటో తెరుచుకుందా లేదా, అంతే" అన్నారు. అంటే నా కాళ్ళే సాక్ష్యంగా నా కుక్కను వేరొకరికి ఇచ్చుచున్నారు.

6. మా అమ్మాయికి ఫోను చేయగా, ఫోనులో కెమెరా అమరికలలోకి వెళ్ళి, అన్నిటికీ సరిపోయే రకము అన్నచోట నొక్కమన్నది. నొక్కినాను. ఇక మీదట నేను తీయు ఫోటోలన్నీ జేపీజీలోనే వచ్చును. చాలా సంతోషము. తీయుటకు కుక్క లేదు.

7. పోనీ తమ కేంద్రమునకు పోయి అక్కడే ఒక ఫోటో తీసుకుందామని రెండు బస్సులు మారి పోయినాను. కాపలాదారు, యజమానికి తప్ప లోపలికి ప్రవేశము లేదన్నాడు. యజమానినే నాయనా అన్నాను. రుజువేది అన్నాడు. రుజువు కోసమే లోపలికి పోవాలన్నాను. అతను, పాపం, కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చినాడు. గోడ అవతల కుక్కలు మొరుగుతున్నాయి. అందులో మాది ఏదో నాకు తెలుసు. నేను పిలిచాను. అన్నీ ఆగాయి, అదొక్కటే మొరిగింది. ఇంకా అక్కడ కూర్చోలేక వచ్చేశాను.

8. నా బావమరిది వాదన, అనగా కుక్క అతనిదని నేనే నోటితో అన్నానన్నది, కూడ తమ దృష్టికి తెచ్చుట ధర్మము. పోయిన నెలలోనే కుక్క అతని దుకాణంలో గ్రీజు తొక్కి, మా దుకాణంలో ఇస్త్రీ చేసి పరిచిన ఒక బడి మాస్టారి తెల్ల చొక్కా మీద నడిచినది. కోపంలో నేను "నీ కుక్కని నువ్వే కట్టేసుకో" అన్నమాట వాస్తవమే. వీధి అంతా విన్నది. అతను కూడ "నాదెందుకవుతుంది బావా, నీదే" అన్నాడు. అదీ వీధి అంతా విన్నది. ఆనాడు నీదంటే నీదని తోసుకున్నవాళ్ళం, ఈనాడు నాదంటే నాదని తమ మెట్లెక్కుతున్నాము. ఆ చొక్కా నాటి నుండి మా మధ్య మాటల్లేవు. గోడ అవతల అతను చక్రం తిప్పుతుంటే నాకు వినపడుతుంది, ఇవతల నా మిషను అతనికి వినపడుతుంది, అంతే.

9. కుక్క లేని కారణముగా నా జీవనోపాధికి నష్టము వాటిల్లుచున్నది. ఎలాగంటారా? మిషను తొక్కేటప్పుడు అది ఎప్పుడూ నా కాళ్ళకు అడ్డం పడేది. తిట్టేవాణ్ణి. ఇప్పుడు అడ్డమేమీ లేదు, కుట్టు వంకరపోతోంది. నిన్న ఒకరి జేబు తలకిందులుగా కుట్టాను. ఏభై దాటినవాణ్ణి, కుక్క కోసం కళ్ళు తుడుచుకున్నానంటే నవ్విపోదురు గాక. తుడుచుకున్నాను.

కావున తమరు పెద్ద మనసు చేసుకుని, నా పాత ఫోటోలను తమ కంప్యూటరు తెరిచేటట్లు ఏర్పాటు చేయించుటయో, లేక నా ఫోనును తమ చేతిలోకి తీసుకుని ఒక్కసారి కళ్ళారా చూచుటయో చేసి, నెలాఖరు లోపు నా కుక్కను నాకు ఇప్పించవలెనని ప్రార్థన. ఈ మొర ఆసాంతం చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, పై ఫోటోలోని పాదముల సొంతదారు,
దర్జీ

తా.క.: ఈ కాయితం కవరులో పెడుతుండగా మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. చెప్పులు విప్పకుండానే తన కంప్యూటరు తెరిచి, నా పాత ఫోటోలన్నీ అందులోకి లాగి, ఒక్కచోట నొక్కింది. అన్నీ జేపీజీ అయిపోయాయి. నేను నెల రోజులు తిరిగిన పని, వాళ్ళమ్మ ఇచ్చిన టీ చల్లారకముందే అయిపోయింది. గెలిచాననుకున్నాను. పెద్ద తెర మీద ఒక్కొక్కటే చూపించమన్నాను.

ఫోనులో చూసుకున్నన్నాళ్ళూ నాకు కుక్క ఒక్కటే కనపడేది. చిన్న తెర, నా చూపు అంతంత మాత్రం, మనసంతా దాని మీదే. పెద్ద తెర మీద చూస్తే, గుండీ గాలి పంపు గొట్టం పీకుతోంది, అవతల కొస పట్టుకున్నది నా బావమరిది. గుండీకి స్నానం, సబ్బు నురగలో మోచేతుల దాకా మునిగింది అతను. గుండీ కాలికి దెబ్బ తగిలిన రోజు, ఒళ్ళో పడుకోబెట్టుకుని కట్టు కడుతున్నది అతనే. సగం ఫోటోల్లో ఇటు చూసి నవ్వుతున్నాడు. మా అమ్మాయి, "నాన్నా, అన్నిట్లో మామయ్యే ఉన్నాడు కదా" అంది. ఉండడా మరి. ఫోటో తీసేవాణ్ణి నేను, ఆ నవ్వు నన్ను చూసి. అతని ఫోటోల్లో నేనుంటాను, నా ఫోటోల్లో అతనుంటాడు. మా ఆవిడ కొంగుతో తెర తుడిచింది.

కంప్యూటరు పట్టుకుని పక్క దుకాణానికి వెళ్ళాను. చేతిలో రెంచి అలాగే పట్టుకుని అన్నీ చూశాడు. చివరికి, "నీకు ఫోటో తియ్యడం రాదు బావా, సగం వాటిలో కుక్క తలే లేదు" అన్నాడు. నేను కూర్చోవడానికి స్టూలు ఇటు తోశాడు.

కనుక పై తొమ్మిది అంశాలూ తమరు చదవకపోయినా పరవాలేదు. యజమాని అన్నచోట ఇద్దరి పేర్లు పట్టేలా చూడండి. తమ వెబ్‌సైటుకి ఒక్క పేరే పడుతుందంటే, అతని పేరే ఉంచండి. రుజువుగా నా ఫోటోలు తమ వెబ్‌సైటులో పెట్టించాను, ఇప్పుడు అన్నీ తెరుచుకుంటాయి. సోమవారం పొద్దున ఇద్దరం కలిసే వస్తాం. సైకిలు అతను తొక్కుతాడు, తిరిగొచ్చేటప్పుడు కుక్కని పట్టుకుని వెనక నేను కూర్చుంటాను.