కోచ్ గారి ఆరో ఊరు

శ్రీవారికి,

నాలుగో ఊళ్ళో కూడా క్లబ్బు నిలబడింది. మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో వాలీబాల్ నెట్టు కట్టాం. పక్కగదిలో క్యారమ్ బోర్డులు, పత్రికలు. నిన్న పిల్లలే కమిటీని ఎన్నుకున్నారు. వాళ్ళ మొదటి తీర్మానం ఏమిటో తెలుసా? ఆలస్యంగా వస్తే కోచ్ కూడా హాలు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తాలట. ఈ రోజు పరిగెత్తాను.

క్లబ్బు తన కాళ్ళ మీద నిలబడ్డాక మా క్రీడల శాఖ కోచ్‌ని అక్కడ ఉంచదు. అర్జీ పెట్టుకున్న ఇంకో ఊరికి పంపేస్తుంది. మూడేళ్ళ కిందట దేశం మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని క్లబ్బులు. ఇప్పుడు మా ఆఫీసు బీరువాలో అర్జీలే పట్టడం లేదు. గర్వంగానే ఉంది. కానీ మీ పక్కన కూర్చుని అన్నం తిని ఎన్నాళ్ళయిందండీ? మీరైనా వచ్చేయకూడదూ?

మీ ఆవిడ

ప్రియమైన కోచ్ గారికి,

నేను కొట్టు కట్టేస్తే ఈ ఊళ్ళో సగం మంది చొక్కాల్లేకుండా తిరగాలి. అది మా నాన్న కూర్చున్న కుర్చీ. కాబట్టి నువ్వే రావాలి. అర్జీ పెట్టిన ఊరికే పంపుతారుగా, మన ఊరే పెడితే?

అర్జీకి ముప్పై మంది సభ్యులు కావాలట. ఆటగాళ్ళు ఎక్కడ దొరుకుతారో నాకు తెలియదా! కొలతల పుస్తకం తీసి, చేతులు పొడుగున్న వాళ్ళందరి పేర్ల కిందా ఎర్ర పెన్సిల్‌తో గీతలు కొట్టాను. పోస్టుమ్యాన్ కూతురు చెయ్యి చాపితే నెట్టు అవతలివాళ్ళని పలకరించి రావచ్చు. జెర్సీ కొలతలని పిలిచి, టేపు మెడలో ఉండగానే సంతకం పెట్టించుకుంటున్నాను. పాత బస్సు షెడ్డు అడిగితే ఇచ్చారు.

నీ టైలరు

ఏమండోయ్ సెక్రటరీ గారూ,

ఐదో ఊరు చేరగానే మీ ఉత్తరం అందింది. నవ్వలేక చచ్చాను. చేతులొక్కటే చాలవు, మోకాళ్ళు వంచడం నేర్పించండి. ఇంకో మాట. షెడ్డు తాళం మీ దగ్గర పెట్టుకోకండి, పిల్లలకే ఇచ్చేయండి. తాళం పెద్దవాళ్ళ దగ్గరుంటే రెండు నెలల్లో క్లబ్బు మూతపడుతుంది. నేను చూశాను.

ఆరు నెలలు నడిస్తే మా తనిఖీ అధికారి వస్తారు. 'కోచ్ అవసరం' అని ఆయన రాస్తే చాలు. నా బదిలీ అర్జీ సంతకంతో సహా సిద్ధంగా ఉంది.

ఎదురుచూస్తూ,
మీ ఆవిడ

ప్రియమైన కోచ్ గారికి,

అధికారి వచ్చి వెళ్ళారు! ముప్పై అన్నారు, డెబ్బై ఇద్దరమున్నాం. ఆడపిల్లల జట్లే రెండు. పోస్టుమ్యాన్ కూతురు కెప్టెన్. పొద్దున ఐదున్నరకి తనే తాళం తీస్తుంది, చిన్నవాళ్ళకి తనే నేర్పిస్తుంది. నేను వెళ్ళేసరికి ఆట సగమయ్యుంటుంది. అధికారి నోరు తెరుచుకుని చూశారు. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పెట్టె సర్దుకో.

నీ టైలరు

ఏమండీ,

రిపోర్టు చూశాను. 'ఈ క్లబ్బు ఆదర్శంగా నడుస్తోంది. కోచ్ అవసరం లేదు' అని రాశారు.

నా కోసం ఒక్క పనైనా మిగల్చకూడదా? కాగితం పట్టుకుని ఏడ్చాను. తర్వాత ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను, 'మా ఆయన క్లబ్బు' అని. నన్ను ఆరో ఊరికి వేశారు. మన ఊరి నుంచి బస్సులో తొమ్మిది గంటలు.

మీ ఆవిడ

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు షెడ్డు వైపు వెళ్ళలేదు. మూడో రోజు షెడ్డుకి వెళ్ళి, క్లబ్బులో నేను చేయాల్సిన పనేమైనా ఉందా అని కమిటీని అడిగాను. పనుల పుస్తకం మొత్తం తిరగేశారు, ఒక్క పనీ దొరకలేదు. చివరికి కెప్టెనే అంది, "మామయ్యా, మీరేం బెంగపెట్టుకోకండి. అత్తయ్య దగ్గరికి వెళ్ళిరండి, మేం చూసుకుంటాం." నాకు చెప్పలేనంత సంతోషమేసింది. కొంచెం రోషం కూడా వచ్చిందనుకో.

దారిలో కొట్టు దగ్గర నిలబడ్డాను. నేను షెడ్డుకి వెళ్ళినప్పుడల్లా కొట్టు చూసుకునే నీ తోడికోడలు లోపల నా కుర్చీలో కుడుతోంది, బయట ముగ్గురు ఎదురుచూస్తున్నారు. నాకంటే తన కుట్టే బాగుంటుందని ఊరంతా ఎప్పటి నుంచో అంటోంది. ఇన్నాళ్ళూ విననట్టు నటించాను. నేను లేకపోతే ఊరు ఆగిపోతుందని నీకు రాశాను చూడు, ఆ మాట కొట్టేయి. కొట్టు తనకి అప్పగించేశాను.

ఆరో ఊళ్ళో రెండు గదుల ఇల్లు చూడు. ఒక గదిలో నా మిషను పడుతుంది. సోమవారం పొద్దున బస్సెక్కుతున్నాను. సాయంత్రం అన్నం ఇద్దరికీ వండు.

వస్తున్నాను,
నీ ఆయన