వెనుక చక్రం లేపే స్టాండు

దీపికా,

అన్నం, పప్పు పొయ్యి మీద ఉన్నయి, వేడి చేసుకొని తిను. నీ బండి చైను తుడిచి ఆయిలు పెట్టిన. బ్రేకు జర బిగించిన, మెల్లగ నొక్కు. నేను చొప్పదండిల పెండ్లికి పోతున్న, రేపు వస్త.

నువ్వు తెప్పించిన మొదటి స్టాండు వెడల్పు ఎక్కువని, రెండోది ఎత్తు తక్కువని నీతోటి వాపసు చేయించిన. నిజానికి రెండూ మంచిగనే సరిపోయినయి. ఈ మూడోదాన్ని నిన్న నేనొక్కణ్నే బిగించిన. వెనుక చక్రం లేచి గిరగిర తిరిగింది. ఇగ ఆదివారం పొద్దున నేను చైను తుడుస్తుంటె నువ్వు బండి పట్టుకొని నిలబడే పని లేదు, హాయిగ పండుకో.

చైను తుడుచుకుంట, జైనూర్ ఘాట్ల ఎలుగుబంటి నా బండి వెనుక ఎక్కి కూసున్న కథ స్టాండుకు చెప్పిన. ఈసారి ఎలుగుకు బీడీ గూడ ముట్టించిన. స్టాండు కథంత విన్నది గని, నీ లెక్క ఒక్కసారన్న "అబద్ధం తాతా!" అనలే.

తాత

మరిచిపోయిన. ఆ స్టాండు ఎక్కడ పెట్టిన్నో యాదికొస్తలేదు. ఈ ఆదివారానికి బండి నువ్వే పట్టుకోవాలె బిడ్డా.