అక్క సాక్ష్యం

ఆసుపత్రి, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం
జూన్ 12, గురువారం

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో నీకూ మరదలికీ అక్క వందనాలు. ఇక్కడ ఒక్క కాలు తప్ప మిగతా నేనంతా క్షేమం. నోరైతే మరీ క్షేమం, నర్సమ్మనడిగితే చెబుతుంది.

ముందు శుభవార్త. నిన్న కర్ర పట్టుకుని పద్నాలుగు అడుగులు వేశాను. పదిహేనోది పక్క మంచం డ్రిల్లు టీచరమ్మ ఒళ్లో పడింది. ముప్పై ఏళ్లు పిల్లల చేత కవాతు చేయించిన మనిషి కదా, పడడంలోనూ ఒక పద్ధతి లేదని నన్ను కోప్పడింది. వార్డంతా ఒకటే నవ్వులు.

ఈ గోడలు చూస్తే నీకు ఏడుపొస్తుంది. ఎవరో మహానుభావుడు పాత పెచ్చులు గీకకుండానే పైన రంగేసేశాడు. ఎక్కడ చూసినా బుడగలే. నర్సమ్మకు రోజూ చూపిస్తున్నాను. ఆవిడ నా నోట్లో మందుబిళ్ల వేసి వెళ్లిపోతోంది.

మరదలు అంతా చెప్పింది. నాలుగు నెలలుగా నువ్వు కుంచె ముట్టలేదట. గోదాము గేటు దగ్గర కాపలా కూర్చుంటున్నావట. ఆసుపత్రి మెట్ల దాకా వచ్చి మూడుసార్లు వెనక్కి వెళ్లిపోయావట. నువ్వు కట్టిన ముడి జారబట్టే పరంజా చెక్క ఒరిగి అక్క పడిందని, ఇంక ఏ మొహం పెట్టుకుని చూడాలని అన్నావట. పద్దెనిమిదేళ్లు కలిసి చర్చిలకీ స్కూళ్లకీ రంగులు వేశాం. నువ్వు ముడి కట్టావంటే నేను మళ్లీ చూసుకోకుండా ఎక్కేసేదాన్ని.

పాస్టరుగారు ప్రతి బుధవారం వస్తున్నారు. ఇంకొకరి తప్పుకు మనం పడే బాధ వృథా పోదని, ప్రభువు సిలువ మీద చేసింది అదేనని, తమ్ముణ్ణి ఒక్క మాట కూడా అనని నాలో ఆ ప్రేమ కనబడుతోందని అన్నారు. అప్పటినుంచి వార్డులో నా హోదా చూడాలి! ఆపరేషనుకు వెళ్లేవాళ్లు నా చేత ప్రార్థన చేయించుకుని మరీ వెళుతున్నారు. టీచరమ్మ తన దిండు నాకిచ్చేసింది. నిజం చెప్పొద్దూ, నాకు బాగానే ఉంది.

ఈ ఆదివారం నన్ను చక్రాల కుర్చీలో చర్చికి తీసుకెళతారట. నిన్ను ఎలా క్షమించానో ఆరాధనలో సాక్ష్యం చెప్పాలట. నువ్వు తప్పకుండా రావాలి. స్తంభం చాటున నక్కకుండా ముందు వరసలో కూర్చోవాలి.

ప్రార్థనలతో,
నీ అక్క

తా.క. అంటించిన కవరు మళ్లీ చింపాను. నీ ముడి జారలేదురా. నువ్వు కింద రంగు కలుపుతున్నప్పుడు, కిటికీ పైన అరచెయ్యంత చోట రంగు పడలేదని చూసుకున్నాను. నీకు కనబడితే వారం రోజులు ఏడిపిస్తావని, చెక్కను అటు జరుపుకోవడానికి ముడి నేనే విప్పాను. ఆ చోట రంగు పూశాను. మళ్లీ కట్టాలన్న ధ్యాసే లేదు. స్పృహ వచ్చేసరికి తప్పు నాదే అక్కా అంటూ నువ్వు ఏడుస్తున్నావు. అప్పుడే చెప్పాల్సింది. రేపు చెబుదామనుకున్నాను. ఈలోగా పాస్టరుగారు వచ్చి మెచ్చుకున్నారు, ఇక నోరు పెగల్లేదు.

నా తప్పును ఇన్నాళ్లూ నువ్వు మోశావు. ప్రభువు తెలిసి మోశాడు, నీకు నేను ఆ సంగతి కూడా తెలియనివ్వలేదు. సిగ్గుగా ఉంది. ఆదివారం అందరి ముందూ ఇదే చెబుతాను. ఒకవేళ మైకు ముందు నా నోరు మళ్లీ పెగలకపోతే, నువ్వు లేచి ఈ ఉత్తరం చదివెయ్.