వాల్వు యాంప్లిఫయరు ఎవరికి చేరాలి

కొక్కుల నాంపల్లి అనే నేను, వయసు డెబ్బై ఆరు, భివండి నిజాంపురా నివాసిని, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా తదనంతరం నా సొత్తు ఎవరికి చేరాలో ఇందులో నిర్ణయిస్తున్నాను. రేడియో రిపేరు దుకాణం పెట్టక ముందు మరమగ్గాల షెడ్డులో పనిచేశాను. చెవులు అక్కడే పోయాయి. మతి పోలేదు. కొడుకు జీవన్ ఆ మాట ఎత్తుతాడని తెలిసి డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను.

1. దీన్ని అమలు చేసే బాధ్యత మిత్రుడు సదానందానిది. నా పుస్తకాలన్నీ ఆయనకే. తీసుకెళ్ళిన పుస్తకాన్ని తిరిగి తెచ్చిచ్చిన మనిషి ఈ ఊళ్ళో ఆయనొక్కడే.

2. నా చెవి మిషను బావమరిది రామనాథానికి. ఆయన చెవులు బాగానే ఉన్నాయి. అయినా తన అక్క, నా భార్య కళావతి, బతికి ఉండగా చెప్పిన ఒక్క మాటా ఆయనకు వినబడలేదు.

3. ఇల్లు, దుకాణం జీవన్‌కూ కూతురు జమునకూ చెరిసగం.

4. యాంప్లిఫయరు. ఈ వీలునామా రాయడానికి కారణం ఇదే.

మూతపడ్డ ఒక హోటలు సామాను కాల్హేర్ గోదాములో తుక్కు కింద అమ్ముడుపోతుంటే, గిటారు వాయించేవాళ్ళ పాత వాల్వు యాంప్లిఫయరు కనబడి తెచ్చుకున్నాను. కళావతి చూసి, "రేడియోలు సాల్లేదా, ఇప్పుడు శవపెట్టె తెచ్చినవా ఏంది?" అంది. కండెన్సర్లు ఉబ్బాయి, స్పీకరు చిరిగింది, వైరుకు ఎర్తు లేదు. అన్నీ మార్చి, తీసిన పాతవి రేకుపెట్టెలో దాచాను.

స్విచ్చు వేస్తే వాల్వుల గాజుబుడ్లలో నారింజ రంగు మెల్లగా పుట్టింది. జమున గిటారు తీగ మీటింది. నేను చెక్కపెట్టె మీద అరచెయ్యి పెట్టాను. నూలుపోగంత వణుకు, గాలి కూడా లేని ఆ గాజుబుడ్లను దాటి, పెరిగి పెద్దదై నా ఎముకల్లోకి వచ్చింది. శూన్యం గురించి వేదాంతులు రాసిందీ సైన్సువాళ్ళు రాసిందీ చాలా చదివాను. ఆ రోజు శూన్యం నా కళ్ళ ముందు వెలిగింది. కళావతి తడిచెయ్యి తుడుచుకొని తానూ పెట్టె మీద పెట్టింది. చెయ్యి తియ్యకుండానే, "గుండె లెక్కనే ఉన్నది" అంది.

సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే రోజు మన ఊళ్ళో ఓల్టేజి పడిపోతుంది. శుక్రవారం సెలవుకు అవన్నీ ఆగితే ఎగబాకుతుంది. ఒక శుక్రవారం వాల్వుల లోపలి రేకులు ఎర్రబడ్డాయి. చూస్తూ కూర్చుంటే కాలిపోయేవే. అందుకని ముందుపలకకు రంధ్రం చేసి, ఓల్టేజి మార్చే స్విచ్చు బిగించి, ఒకవైపు 'సాంచా', రెండోవైపు 'శుక్రవారం' అని గీకాను.

పోయినేడు జీవన్ పాత వస్తువులు సేకరించే ఒకాయన్ని బాంద్రా నుంచి తెచ్చాడు. ఆయన ఆ రంధ్రం చూసి మొహం చిట్లించాడు. ఒరిజినల్ భాగాలకే విలువన్నాడట. ఆయన వెళ్ళాక జీవన్ నా ఎదుటే చెల్లెలితో, "బాపు పోయినంక పాతయి మళ్ళ బిగించి అమ్ముదాం" అన్నాడు. జమున, "బాపు చూస్తుండు అన్నా" అంది. సాంచాల చప్పుడులో మేమంతా పెదవులు చూసే మాట్లాడుకునేవాళ్ళం. ఆ సంగతి కొడుకుకు ఎన్నడూ గుర్తుండదు.

కాబట్టి:

(క) ఒరిజినల్ భాగాలన్నీ, అంటే ఉబ్బిన కండెన్సర్లు, చిరిగిన స్పీకరు, షాకు కొట్టే వైరు, అటక మీది రేకుపెట్టెతో సహా జీవన్‌కు. విలువ వాటికే కనుక ఒక్కటీ తగ్గకుండా ఇస్తున్నాను.

(ఖ) మిగిలింది, అంటే యాంప్లిఫయరు, గణపతి మండలి ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే జమునకు. దీన్ని అమ్మే హక్కు మరెవరికీ లేదు.

5. బిడ్డా, విప్పాల్సి వస్తే తొందరపడకు. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, మనిషిని చంపేంత. రెసిస్టరుతో దించి, మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టు.

6. నా దినాలయ్యాక వచ్చే మొదటి శుక్రవారం, ఊరు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, స్విచ్చు ఆ వైపు తిప్పి వాల్వులు వెచ్చబడేదాకా ఆగు. అన్నను పిలిచి, వాడి చెయ్యి పట్టుకొని పెట్టె మీద ఉంచి, గిటారు లావు తీగ ఒక్కసారి మీటు. వాడు ఎన్నడూ చెయ్యి పెట్టి చూడలేదు.

భివండి, 21 నవంబరు 2025, శుక్రవారం.

(సంతకం) కొక్కుల నాంపల్లి

నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసిన సాక్షులు (తెలుగు రాదు కనుక హిందీలో చెప్పి వినిపించాను):
1. రూపేష్ పాటిల్
2. భూషణ్ మాత్రే